దయ్యములకు దేశము లెట్లు ఏర్పడినవి

దయ్యము లేని పల్లె తెలుగుదేశమున లేదనిన అతిశయోక్తి కాదు. ఊరి వెలుపలి చింతతోపు, పాడువడిన దిగుడుబావి, వల్లకాటి ప్రక్కగా పోవు బండిదారి, ఎన్నడో ఎవరో ఉరివేసికొన్న మామిడికొమ్మ, వీనిలో ఏదో యొకటి ప్రతి గ్రామమునకును కలదు. కొఱవిదయ్యమును తాను చూచితినని చెప్పువాడు అరుదే గాని, చూచినవాని మేనమామను ఎఱిగినవాడు మాత్రము ప్రతి రచ్చబండమీదను దొరకును. ఇది తెలుగువారి ప్రత్యేకత కాదు. మనుష్యులు తమ మృతులను పూడ్చినచోట నెల్ల, కాల్చినచోట నెల్ల ఇట్టి నమ్మకములు మొలచినవి. అయినను రక్తము త్రాగు ప్రేతమనగానే లోకమునకు స్ఫురించునది ట్రాన్సిల్వేనియా. సరస్సులో దాగిన మహాజంతువనగానే స్ఫురించునది స్కాట్లండులోని నెస్ సరస్సు. మంత్రతంత్రములనగానే మన పెద్దలకు స్ఫురించినవి మలయాళమును, కామరూపమును. విశ్వాసము సర్వత్ర వ్యాపించియుండగా ప్రసిద్ధి కొన్ని సీమలకే ఏల దక్కినది?

ఈ ప్రశ్నకు పండితులును యాత్రికులును ఇచ్చిన సమాధానములు పెక్కు కలవు. వానిలో చాలవఱకు ఒక సీమలోని జనుల నమ్మకమునకు కారణము చెప్పి, ఆ సీమకు కలిగిన ప్రసిద్ధికి కారణము చెప్పితిమని తృప్తిపడుచున్నవి. నమ్మకమును కలిగించునవి మరణము, వ్యాధి, చీకటి. ప్రసిద్ధిని కలిగించునవి సరిహద్దు, సర్కారువారి దస్త్రము, అచ్చుయంత్రము, రహదారి. ఈ రెండు వర్గముల కారణములను విడదీసి చూచిన గాని సమస్య విడదు.

అన్నిటికంటె ముందుగా వినవచ్చు సమాధానము ప్రకృతిస్వరూపమును గూర్చినది. దట్టమైన అడవి, నిలువైన కొండ, అడుగు తెలియని నీరు ఉన్నచోట భయము పుట్టుననియు, భయమున్నచోట భూతము పుట్టుననియు దీని సారాంశము. వినుటకు ఇంపుగానే యున్నది. నెస్ సరస్సు ముప్పదియేడు కిలోమీటర్ల పొడవును, ఇంచుమించు 230 మీటర్ల లోతును కలిగి, కుళ్ళిన నాచుమట్టి కలిసిన నల్లని నీటితో చేయి చాచినంతదూరము కూడ కనబడనంత మలినముగా నుండును. అట్టి నీటిలో ఏదో యున్నదని తోచుట సహజమే. కాని అదే స్కాట్లండులో పడమటి తీరమున మోరార్ సరస్సు కలదు. దాని లోతు 310 మీటర్లు. బ్రిటిష్ దీవులలో దానిని మించిన లోతుగల మంచినీటి సరస్సు లేదు. మోరాగ్ అను నీటిభూతము అందును కలదని అక్కడివారును చెప్పుదురు. ఆ మోరాగ్ పేరు ఎందఱు విన్నారు? లోతే భూతమునకు హేతువైనచో కీర్తి మోరార్‌కు దక్కవలసినది.

రెండింటికి గల భేదము ఒడ్డున నున్నది. 1930 తరువాతి సంవత్సరములలో నెస్ ఉత్తరపుటొడ్డు వెంబడి కొండచఱియలను మందుపెట్టి పేల్చి, చెట్లు నఱకి, మోటారు బండ్లకు అనువైన రహదారిని నిర్మించిరి. అంతవఱకు ఆకులచాటున నుండిన నీరు ప్రయాణికుల కన్నులకు మైళ్ళకొలది కనబడసాగెను. 1933 మే 2వ తేదీన ఇన్వర్‌నెస్ పట్టణపు స్థానికపత్రికలో, ఆ సరస్సుమీద చేపల కాపలాదారుగా నుండి విలేఖరిగాను పనిచేయుచుండిన యొకడు, దంపతులిద్దఱు నీటిలో పెద్దదేదో పొరలుట చూచిరని వార్త వ్రాసెను. తరువాతి కథ వేగముగా నడచినది. లండను పత్రికలు ప్రతినిధులను పంపెను. సర్కసు యజమాని యొకడు జంతువును ప్రాణముతో పట్టి తెచ్చినవానికి ఇరువదివేల పౌనుల బహుమానము ప్రకటించెను. డెయిలీ మెయిల్ పత్రిక నియమించిన వేటగాడు ఒడ్డున అడుగుజాడలు కనుగొనగా, అవి ఎండబెట్టిన నీటిగుఱ్ఱపు కాలితో, అనగా గొడుగులు నిలుపుకొను అలంకారవస్తువువంటి దానితో, అద్దిన ముద్రలని మ్యూజియమువారు తేల్చిరి. 1934 ఏప్రిలులో వెలువడి లోకమంతయు వ్యాపించిన పొడవుమెడ ఛాయాచిత్రము ఆటబొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసినదని అఱువదియేండ్ల తరువాత, 1994లో, బయటపడినది. ఏడవ శతాబ్దిలో అడామ్నాన్ వ్రాసిన కొలంబా మునిచరిత్రమున నెస్ నదిలోని క్రూరజంతువు ప్రస్తావన కలదు, నిజమే. కాని అట్టి మునిచరిత్రములలో అట్టి జంతువులు కొల్లలు, పైగా అది నదియే గాని సరస్సు కాదు. ఆ పురాతనగాథను వెదకి తెచ్చి 1933 నాటి వార్తకు పునాదిగా పెట్టినది కొత్తకాలపువారే. ప్రసిద్ధికి పూర్వచరిత్ర వెనుకనుండి సమకూర్చబడుట ఈ విషయమున సామాన్యము; ముందును కనబడును.

రెండవ సమాధానము వైద్యులది; నమ్మకము పుట్టుకను వివరించుటలో దీనికి సాటి లేదు. 1725లో ఉత్తర సెర్బియాలోని కిసిల్యెవో గ్రామమున పేతర్ బ్లాగోయెవిచ్ అను కాపు చనిపోయెను. అతడు పోయిన కొలది కాలమునకు ఎనిమిది దినములలో తొమ్మండుగురు స్వల్పవ్యాధితో మరణించిరి. ప్రతివారును చనిపోవుటకు ముందు, పేతర్ రాత్రి వచ్చి తమ మీద పడి గొంతు నులిమెనని చెప్పిరి. అతని భార్య, మగడు వచ్చి తన చెప్పులిమ్మని అడిగెనని చెప్పి ఊరు విడిచి పోయెను. గ్రామస్థులు గోరి త్రవ్వుటకు అనుమతి కోరగా, ఫ్రొంబాల్డ్ అను ఆస్ట్రియా సర్కారు ఉద్యోగి బెల్‌గ్రేడులోని పైవారి ఉత్తరువు వచ్చువఱకు ఆగుడనెను. ఆ ఉత్తరువు వచ్చులోగా తురుష్కుల కాలమున జరిగినట్లు ఊరంతయు నాశనమగుననియు, అనుమతించనియెడల ఇండ్లు వాకిళ్ళు విడిచి పోవుదుమనియు వారు భీష్మించిరి. చివరకు ఉద్యోగి అక్కడి పూజారిని వెంటబెట్టుకొని గోరికడకు పోయెను. శవము చెడలేదు, ముక్కు మాత్రము కొంత కుంగినది, వెండ్రుకలు, గడ్డము, గోళ్ళు పెరిగినట్లున్నవి, పాతచర్మము ఊడి క్రింద కొత్తచర్మము కనబడెను, నోట తాజా నెత్తురు. జనులు వాడిగా చెక్కిన కొయ్యను గుండెలో దిగగొట్టి, దేహమును కాల్చి బూడిద చేసిరి. ఫ్రొంబాల్డ్ ఇదంతయు నివేదిక వ్రాసి, ఇందు తప్పేమైన జరిగియున్న అది భయముతో మతిచలించిన జనసమూహముదే గాని తనది కాదని చివర మనవి చేసికొనెను. ఉద్యోగి ఉద్యోగియే గదా!

ఆ శవమున కనబడిన లక్షణములలో వైద్యశాస్త్రము వివరింపలేనిది యొక్కటియు లేదు. చలినేలలో దేహము మెల్లగా శిథిలమగును. లోపలి వాయువులవలన ఉబ్బి, పుష్టిగా కనబడును. ఊపిరితిత్తులలోని నల్లని ద్రవము నోటివెంట వెలికి వచ్చును. పైచర్మము ఊడగా అడుగుపొర ఎఱ్ఱగా తోచును. చర్మము ముడుచుకొనుటచే గోళ్ళు పెరిగిన భ్రాంతి కలుగును. కొయ్య దింపినపుడు బయటికి త్రోసికొని వచ్చు వాయువు మూలుగువలె వినబడును. పాల్ బార్బర్ 1988లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతులను సవిస్తరముగా నిరూపించెను. ఒకే యింట వరుసగా మరణములు కలిగించు అంటువ్యాధి దీనికి తోడైనచో, మొదట చనిపోయినవాడు మిగిలినవారిని పిలుచుకొని పోవుచున్నాడను తలంపు ఎంత సహజమో చెప్పనక్కఱలేదు.

అయితే శవము అన్ని దేశములలోను ఒకే తీరున కుళ్ళును. అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రమున ఎక్సెటర్ అను గ్రామమున 1892 మార్చి నెలలో, క్షయవ్యాధితో జనవరిలో చనిపోయిన మెర్సీ బ్రౌన్ అను పందొమ్మిదేండ్ల కన్య దేహమును వెలికితీసి, గుండెను కాలేయమును రాతిమీద కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి అదే వ్యాధితో తీసికొనుచున్న ఆమె అన్నచేత త్రాగించిరి. అతడు రెండునెలలు తిరుగకుండ పోయెను. సెర్బియా పల్లెలో జరిగినదానికిని దీనికిని భేదమెంత? పైగా ఇది రైలుబండ్లును తంతి తపాలాయును నడచిన కాలమున, విశ్వవిద్యాలయముగల పట్టణమునకు కొంతదూరములోనే జరిగినది. నగరపు పత్రికలు దీనిని పల్లెటూరి మౌఢ్యమని ఎగతాళి చేసి ఊరకుండెను. రోడ్ ఐలండు పిశాచదేశము కాలేదు. బ్రామ్ స్టోకర్ అను రచయిత తన డ్రాక్యులా నవలకు సేకరించిన కాగితములలో న్యూ ఇంగ్లండు రక్తపిశాచములను గూర్చిన న్యూయార్కు పత్రికా ఖండము కూడ నున్నదనిన సంగతి తెలిసినపుడు ఈ పక్షపాతము మఱింత స్పష్టమగును. వైద్యుల సమాధానము నమ్మకము కడనే నిలిచిపోవును.

సెర్బియా సంఘటనములో నాకు ముఖ్యముగా తోచునది శవము కాదు, నివేదిక. 1718లో పస్సారోవిట్స్ సంధివలన ఉత్తర సెర్బియా తురుష్కులనుండి ఆస్ట్రియా చక్రవర్తి వశమైనది. 1739 వఱకు అటులనే యుండినది. అంతకు పూర్వము శతాబ్దులుగా ఆ పల్లెలలో గోరులు త్రవ్వుట జరుగుచునే యుండవలెను. దానిని కాగితముమీద పెట్టినవారు అరుదు. కొత్తప్రభుత్వము సరిహద్దున సైనికులను, దండుతో కూడ వైద్యులను, గుమాస్తాలను నిలిపెను. ఫ్రొంబాల్డ్ నివేదిక 1725 జూలైలో వియన్నా పత్రికలో అచ్చయ్యెను. 1732 జనవరిలో మెద్వెజా గ్రామమున ఫ్ల్యూకింగర్ అను దండు వైద్యుడు పెక్కు శవములను పరీక్షించి, సాక్షులచేత చేవ్రాళ్ళు చేయించి సమర్పించిన పత్రము ఇంకను ప్రసిద్ధమయ్యెను. ఆ యేడే జర్మను విద్యాపీఠములలోని పండితులు దానిమీద వ్యాసములు గుప్పించిరి, లండను పత్రికలలోనికి ఆ ప్రేతము పేరు ప్రాకెను. పల్లెవాని భయమునకు ప్రభుత్వముద్ర పడుటతో అది శాస్త్రచర్చకు తగిన విషయమైనది. 1755లో మహారాణి మేరియా తెరీసా తన వైద్యుడగు వాన్ స్వీటెనును విచారణకు నియోగించి, అతని మాటమీద ఇట్టి గోరులు త్రవ్వుటను నిషేధించెను. కాని అప్పటికే ఐరోపా తూర్పుకొన ప్రేతములకు ఆటపట్టను తలంపు పడమటివారి మనస్సులలో పాతుకొనిపోయినది.

ఆ కీర్తి సెర్బియానుండి ట్రాన్సిల్వేనియాకు మాఱినది అచ్చు పుస్తకములవలననే. బ్రామ్ స్టోకర్ ఐర్లండువాడు. లండనులో నాటకశాల నిర్వాహకుడు. అతడు మొదట తన కథను ఆస్ట్రియాలోని స్టిరియా సీమలో నడుపదలచెను. లెఫాన్యూ వ్రాసిన కార్మిల్లా అను రక్తపిశాచకథ అక్కడిదే. తరువాత, ఆస్ట్రియా సైన్యాధికారి భార్యగా ట్రాన్సిల్వేనియాలో నివసించిన ఎమిలీ జెరార్డు 1885లో అక్కడి మూఢవిశ్వాసములను గూర్చి ప్రకటించిన వ్యాసము అతనికంట పడెను. 1890 వేసవిలో విట్బీ అను సముద్రతీరపు ఊరికి విశ్రాంతికై పోయి, అక్కడి గ్రంథాలయమున విలియమ్ విల్కిన్సన్ 1820లో వ్రాసిన యొక చరిత్రనుండి డ్రాక్యులా అను పేరును ఎత్తి వ్రాసికొనెను. రైళ్ళ వేళలు, గైడుపుస్తకములు, పటములు ముందు పెట్టుకొని కర్పాతియను కొండల కనుమను అతడు వర్ణించినాడు. 1897లో నవల వెలువడువఱకును, ఆ తరువాతను, ఆ సీమలో అడుగు పెట్టలేదు. అప్పటి ట్రాన్సిల్వేనియా ఆస్ట్రియా-హంగరీ రాజ్యములోని భాగము. రైళ్ళు, పాఠశాలలు, 1872లో స్థాపితమైన విశ్వవిద్యాలయము దానికి కలవు. నవలలోని తోడేళ్ళ అరుపులలో ఈ విశ్వవిద్యాలయపు గంట వినబడదు.

ఇచట చరిత్రకారుల సమాధానము, అనగా క్రూరచరిత్రగల చోట క్రూరకథలు పుట్టుననునది, ముందుకు వచ్చును. శత్రువులను కొఱత వేయించిన, డ్రాక్యులా యని పేరొందిన మూడవ వ్లాద్ ప్రభువు దీనికి దృష్టాంతము. అతడు జన్మించినది ట్రాన్సిల్వేనియాలోని సిగిషోరాలో నని చెప్పుదురు గాని ఏలినది వలాకియాను. అతని ఘోరములను 15వ శతాబ్ది చివర నురెంబర్గు మొదలగు పట్టణములలో కరపత్రములుగా అచ్చొత్తినవారు జర్మనులు; ట్రాన్సిల్వేనియాలోని జర్మను వర్తకులకు అతనితో వైరముండెను. ఆ కరపత్రములలో అతడు నరరూపరాక్షసుడే గాని గోరినుండి లేచివచ్చు ప్రేతము కాడు. 1972లో మెక్‌నల్లీ, ఫ్లోరెస్కు అను ఇద్దఱు పండితులు వ్లాద్‌నే నవలలోని ప్రభువుగా నిరూపింపబూని వ్రాసిన గ్రంథము బహుళప్రచారము నొందినది. స్టోకర్ వ్రాసికొన్న కాగితములలో పేరును, ఒకటిరెండు వాక్యములును దప్ప వ్లాద్ కథ లేకుండుట దాని వాదమునకు పెద్ద లోపము. పీడకులగు ప్రభువులు లేని దేశమేది? మన పల్నాటిలో ప్రవహించిన రక్తము తక్కువా? అక్కడ వెలసినది వీరారాధనమే గాని పిశాచకీర్తి కాదు.

కావున, తమ లోకపు టంచున నున్న సీమకే వెలుపలివారు భూతములను అంటగట్టుదురను సరిహద్దు వాదమునే నేను ఎక్కువగా నమ్ముదును. దీనికి ప్రాచీనమైన సాక్ష్యము మనమే. క్రీ.పూ. 5వ శతాబ్ది చివర పారశీకచక్రవర్తి కొలువులో వైద్యుడుగా నుండిన క్తీసియస్ అను గ్రీకు, హిందూదేశమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. అందు మనదేశమున కుక్కతలల మనుష్యులు, తమ యొంటిపాదమునే గొడుగుగా ఎత్తి నీడ చేసికొనువారు, మనుష్యముఖమును మూడువరుసల పండ్లును తేలుకొండియును గల భయంకరమృగము కలవని చెప్పెను. అతడును హిందూదేశమునకు రాలేదు. ఆ జీవులు రోమను గ్రంథకర్త ప్లినీ గ్రంథములోనికి, అటనుండి మధ్యయుగపు ఐరోపా పటములలోనికి ఎక్కి, మార్గములు తెలిసినకొలది మఱింత దూరపు దేశములకు వలసపోయినవి. 1492లో కొలంబసు కరిబ్బియను దీవులలో కుక్కముఖములవారు కలరను మాట విని వ్రాసికొనెను. అక్కడ నివసించినవారు వ్రాయలేదు. వ్రాసినవారు అక్కడికి పోలేదు, పోయినను సైన్యముతోనో సరకుతోనో పోయిరి.

మనవారును ఇందుకు అపవాదము కారు. రామాయణమున విరాధుడు, శూర్పణఖ, ఖరదూషణులు, వారి పదునాలుగువేల సేన ఉన్నది దండకారణ్యమున. ఆర్యావర్తమునందలి కవికి గోదావరీతీరపుటడవి ఋషులను భక్షించు రాక్షసుల నెలవు. ఆ గోదావరీతీరమున, భద్రాచలము చెంత, పర్ణశాలను మనము నేడు భక్తితో దర్శించుచున్నాము. కథ వినునపుడు ప్రతి తెలుగువాడును రాముని ప్రక్కన నిలిచి వినును. దండకారణ్యపు పక్షమున తన పూర్వులెవరైన నిలిచియుండిరా యని అడుగడు. మఱియొక యుదాహరణము అస్సాము. 1662లో మీర్ జుమ్లా అను మొగలాయి సేనాని ఆ దేశముపై దండెత్తగా, వానలు, వఱదలు, జ్వరము అతని సైన్యములో పెక్కుమందిని చంపెను. మఱుసటియేడే అతడును మరణించెను. ఆ దండుతో కూడ నుండిన చరిత్రకారుడు శిహాబుద్దీన్ తాలిష్, హిందూస్థానమువారు అస్సామీయులను మాంత్రికులుగా ఎంచుదురనియు, ఆ దేశము చొచ్చినవాడు తిరిగిరాడని నమ్ముదురనియు వ్రాసెను. దోమ చేసిన పని మంత్రగానికి అంటగట్టబడినది.

మన కథకుల మాంత్రికులు ఎచటివారో చూడుడు. 1951 నాటి పాతాళభైరవి చిత్రమున ఎస్.వి. రంగారావు ధరించినది నేపాళమాంత్రికుని పాత్ర. బాలనాగమ్మను ఎత్తుకొని పోయినవాడు మాయల మరాఠీ. ఇంటి పెద్దముత్తైదువలు భయముతో తలచువాడు మలయాళ మంత్రగాడు. బాణామతి యని తెలంగాణములోను, చిల్లంగి యని ఉత్తరపు కోస్తాలోను, చేతబడి యని తక్కినచోట్లను వ్యవహరింపబడు క్షుద్రము మన పొరుగింటనే కలదని నమ్ముచు, దాని గురువును మాత్రము పొలిమేర దాటించి చూపుట మన ఆచారము. మైదానపువారికి మన్యమన్నను అంతే. చలిజ్వరముతో అచటినుండి తిరిగివచ్చిన గుమాస్తా, తనకు సోకినది కొండవాని చిల్లంగియని నమ్ముటకు సందేహింపలేదు.

ఈ విషయమున గంజాము సీమ చరిత్ర తక్కినవానికంటె చిక్కైనది. 1835-37 నాటి గుంసూరు యుద్ధమున కుంపిణీ సేనలు కొండలెక్కినపుడు, అచటి కొండజాతివారగు ఖోండులు భూదేవికి మెరియా యను నరబలి నిచ్చుచున్నారని అధికారులు నివేదికలు పంపిరి. 1845లో దాని నిర్మూలనకై ప్రత్యేకాధికారశాఖ నేర్పఱచి 1861 వఱకు నడపిరి. ఇచట భయము కట్టుకథ కాదు. ఆచారము నిజముగా నుండెను, ప్రాణములు పోయెను. అయినను ఆ వార్త లండనుకు చేరినది సైన్యము ఆ కొండలను వశము చేసికొను నిమిషముననే. గ్రామములు కాల్చుటకును, పన్నులు విధించుటకును అది చాలిన సమర్థనమైనది. ఖోండుల వ్యవసాయమును, భాషను, న్యాయమును గూర్చి వ్రాసిన పుటలకు రాని ప్రచారము ఈ యొక్క బలికి వచ్చినది. అపవాదము సత్యాధారము గలదైనప్పుడు దానిని ఖండించుట ఎంత కష్టమో, అది ఎవరి పనికి వచ్చెనో విచారించుట అంత అవసరము.

సరిహద్దు వాదమునకు తగులు ఆక్షేపణ ఒకటి కలదు. 1764 మొదలు 1767 వఱకు నూర్గురికి తక్కువకాని జనమును చంపినదని చెప్పబడు గెవొదాన్ మృగము పుట్టినది ఫ్రాన్సుదేశపు నడిబొడ్డున. అది ఏ సామ్రాజ్యపు టంచును కాదు. కాని ఆ గుట్టలసీమ పారిసు వారికి దూరదేశము కంటె అన్యమైనది. పైగా ఏడేండ్ల యుద్ధము 1763లో ముగియుటచే పత్రికలకు వార్తల కఱవు వచ్చియుండెను. తోడేళ్ళు మనుష్యులను చంపుట ఆ శతాబ్దిలో ఇతరత్ర కూడ జరిగినదే. అంచు పటముమీదనే యుండవలెనను నియమము లేదు. చదువరికిని, చదువబడువానికిని నడుమ నున్నను చాలును.

ఇక, పేరు పడిన సీమవారు ఆ పేరును ఏమిచేసికొందురను ప్రశ్న మిగిలినది. మొదట కోపగింతురు, పిమ్మట అద్దెకిత్తురు. నవలలో కథానాయకుడు బిస్త్రిత్స పట్టణమున బసచేసిన గోల్డెన్ క్రోన్ అను సత్రము ఎన్నడును లేదు. యాత్రికులు వచ్చి అడుగుచుండగా 1974లో ఆ పేరుతోనే హోటలు కట్టిరి. బ్రాన్ కోటకు వ్లాద్‌తో గల సంబంధము అత్యల్పము. అయినను డ్రాక్యులా కోట యనగానే ప్రయాణికులు దానినే దర్శింతురు. 2001లో సిగిషోరా చెంత డ్రాక్యులా వినోదవనము కట్టుటకు రుమేనియా ప్రభుత్వము పూనుకొనగా, ఆ మధ్యయుగపు పట్టణము యునెస్కోవారి సంరక్షణలోనిదని దేశవిదేశములనుండి నిరసన వచ్చి, ప్రయత్నము మొదట స్థలము మాఱి, పిదప విరమింపబడినది.

ఈ బేరమున ఎక్కువ నష్టపోయినది సెర్బియా. ప్రేతమును లోకమునకు పరిచయము చేసిన పల్లెలు దానివి. యాత్రికుల ధనము పొరుగువారిది. అక్కడి జారోజ్యె గ్రామమున సావా సవనోవిచ్ అను రక్తపిశాచము నివసించునని ప్రతీతిగల పాత నీటిమర యొకటి యుండెను. దానిని యాత్రికులకు చూపుచుండిన యజమానులు మరమ్మతు చేయింపకపోగా 2012లో అది కూలిపోయెను. ఇల్లు లేని పిశాచము ఊళ్ళమీద తిరుగవచ్చును గావున గుమ్మములకు వెల్లుల్లి కట్టుకొనుడని స్థానిక మండలివారు ప్రజలను హెచ్చరించిరి. ఆ ప్రకటన కొలది దినములలో ప్రపంచపత్రికలన్నిటను అచ్చయినది.